రెండువందల ఏళ్ల తెడ్డు

చోడవరం బజారులో ఇప్పటికీ నన్ను "తెడ్డు మాస్టారూ" అని పిలిచేవాళ్లున్నారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఒక కర్ర తెడ్డు నా పరువును ఎలా కలిపి వడ్డించిందో చెబుతాను, వినండి. తప్పులో సగం నాది. మిగతా సగం మా వదినది, ఆ సంగతి మరిచిపోవద్దు.

నా పెళ్లిలో మా వదిన పదిమంది ముందు, "మా మరిదికి ఇత్తడికీ కంచుకీ తేడా తెల్దు" అంది. ఆ పూట ఆవిడ కట్టింది నెమలికంఠం రంగు చీర, పసుపు అంచు. ఆ మాట ఆవిడ చేతే వెనక్కి తీయించాలని పదకొండేళ్లు కాచుకున్నాను. పాత వంటసామాన్ల వీడియోలు చూసి చూసి నిపుణుడినైపోయాననుకున్నాను. అంతలో మా చర్చిలో కోతపండుగకు పాతకాలపు వంట వస్తువులు బల్ల మీద పెడతామన్నారు. ఏది ఏనాటిదో, దేనికి వాడేవారో అట్టముక్కల మీద రాసే పని నేనే అడిగి పుచ్చుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రెండూ ఒకే దెబ్బతో గెలుద్దామనుకున్నాను.

రోలుగుంటలో మా పెద్దమ్మ కునుకు తీస్తుండగా వాళ్ల అటకెక్కాను. అక్కడ దొరికింది, నల్లగా నిగనిగలాడే తెడ్డు. పిడి చివర ఒక పక్క నాలుగు గాట్లు, రెండో పక్క రెండు. చేతిలోకి తీసుకోగానే ఆ మధ్యాహ్నం కదలడం మానేసింది. ఎక్కడో బెల్లం వండుతున్న తియ్యటి పొగ కిటికీలోంచి మెల్లగా వచ్చింది. ఆ పొగలో నాకో సంస్థానం వంటశాల కనిపించింది. చెరువంత గుండిగ, తలపాగా చుట్టిన వంటవాడు, పాయసంలో పడవలా తేలుతున్న ఈ తెడ్డు.

కల చెదరకముందే దాన్ని సంచిలో వేసుకొచ్చేశాను. పండుగ రోజున ఎర్రగుడ్డ మీద పెట్టి రాశాను: "సంస్థానపు వంటశాల తెడ్డు. వయసు రెండువందల ఏళ్లు. నాలుగు గాట్లు ఉప్పు కొలత, రెండు గాట్లు కారం కొలత."

వదిన వచ్చి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఏటి బాబూ ఇది? ఎలక కొరికినట్టుంది."

"ఎలక కాదొదినా, కొలత. రెండొందల ఏళ్లయితే గాని ఆ నలుపు రాదు. ఇది నిజమైతే నా పెళ్లిలో అన్న మాట నువ్వు మైకులో ఎనక్కి తీసుకోవాలి."

"నీ పెళ్లిలో నానేటన్నాను?"

చూశారా! పదకొండేళ్లు నేను మోసిన మాట ఆవిడకు గుర్తే లేదు. అయినా సరేనంది.

పాస్టరుగారు మైకు నా చేతికిచ్చారు. నేను సంస్థానం కథ చెబుతూ గుండిగ దాకా వచ్చానో లేదో, షేర్ ఆటో దిగిన పెద్దమ్మ నేరుగా బల్ల దగ్గరకు వచ్చింది.

"ఒరే, నా తెడ్డు నీకాడుందేట్రా? అరిసెల పాకం కలపడానికి వారం నుంచి ఎతుకుతన్నాను!"

"పెద్దమ్మా, ఇది తాతల కాలంది." మైకు ఆపడం మరిచాను.

"ఏ తాతలు? నువ్వు పుట్టినేడు మీ పెదనాన్న సెక్కేడు. పాకం కలిపి కలిపి నల్లబడింది."

పట్టు వదిలితే నేను నేనెలా అవుతాను? "మరి ఈ కొలత గాట్లో?"

"కొలతేట్రా నీ మొకం! అవి నీ పళ్లు. మీ అమ్మ పొలం పోతే నా సంకలోనే ఉండేవోడివి. పదో నెలకి పైన నాలుగు, కింద రెండు వచ్చేయి. ఒకటే ఏడుపు. పిడికి పాకం రాసి నోట్లో ఎడితే గాని ఊరుకునేవోడివి కాదు."

వదిన నా చేతిలోంచి మైకు తీసుకుంది. "నాను ముందే సెప్పేను ఎలక కొరికిందని. ఏ ఎలకో ఇప్పుడు తెలిసింది."

చర్చి కప్పు లేచిపోయేలా నవ్వారు. పాస్టరుగారైతే బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అందరూ భోజనాలకు వెళ్లాక తెడ్డుతో ఒంటరిగా కూర్చున్నాను. గాట్ల మీద బొటనవేలు పెడితే ఎవరిదో సంక, ఎవరిదో జోల, బెల్లం పొగ. నాకు తెలియకుండానే పిడి నోటిదాకా వచ్చింది. ఇంకా తియ్యగానే ఉంది.

అందుకే సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ కర్ర వస్తువుకైనా వయసు కట్టేముందు దాని గాట్లను నా పళ్లతో సరిచూసుకుంటాను. ఇక ఆ ఎలుక మాట వెనక్కి తీయించడం అంటారా? ఆ రోజు వదినది ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు.