కరాబాయిర్ జట్టు మనిషి

రాయచోటి హుస్సేన్ పీరా జన్మలో బంతి తన్ని ఎరుగడు. అయినా తుర్కీ దేశంలో కరాబాయిర్ అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టంటే అతనికి ప్రాణం. ఆ పిచ్చి అంటించినవాడు రెజెప్ ఉస్తా; ఉస్తా అంటే తుర్కీలో మేస్త్రీ.

ఉస్తాకు కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ వీధిలో రొట్టెల బట్టీ ఉండేది. పీరా అక్కడ పిండి పిసికే పనికి చేరాడు. మొదట్లో ఇద్దరూ అరబ్బీ ముక్కలు, ఉర్దూ ముక్కలు అతికించి మాట్లాడుకునేవారు. ఏళ్లు గడిచేసరికి ఆ మాటలు సగం తుర్కీ అయిపోయాయి. ఆ సగంలో ముప్పాతిక వంతు ఫుట్‌బాలే.

చక్కెర ఫ్యాక్టరీ కూలీలు పెట్టుకున్న జట్టట అది. మైదానం కోసం ఊరంతా గంపలు పట్టి కొండవాలు చదును చేసిందట. మొదటి చొక్కాలు గోనెసంచులకు ఆకుపచ్చ రంగద్ది కుట్టినవట. వాన పడితే ఆటగాళ్ల వీపులు కూడా పచ్చబడేవట! ఒక ఏడాది కప్పు పోటీలో ఇస్తాంబుల్ నుంచి వచ్చిన పెద్ద జట్టును మట్టి కరిపించారు. ఆ రోజు గోలు ముందు కుడి పక్క కాపు కాసింది మన ఉస్తాయే. తర్వాత ఫ్యాక్టరీ చేయి వదిలేసింది. జట్టు మెట్టు మెట్టుగా కిందికి జారింది. ఆదివారం సాయంత్రం ఉస్తా రేడియో చెవికి ఆనించుకుని కూచుంటే, ఆ ముఖం చూసే పీరా ఫలితం చెప్పేసేవాడు. చాలాసార్లు ఓటమే.

అలా ఉండగా 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. వీధుల్లో ట్యాంకులు తిరిగాయి. దుకాణాలు మూతపడ్డాయి. ఉస్తా బట్టీ ముందు మాత్రం జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు. ఇంతలో తుర్కీ వాళ్లను స్వదేశానికి పోనిస్తున్నారని కబురొచ్చింది.

"ఖలాస్, పీరా! తాళం వేసేద్దాం, పద," అన్నాడు ఉస్తా.

పీరా పిండిలోంచి చేతులు తియ్యలేదు. "నీకు దోవ ఉండాది, నువ్వు పో ఉస్తా. పిండి అయిపోయేదాకా నేను రొట్టెలు కాలుస్తాండా. బయట నిలబడిండారే, వాళ్లు యాడికి పోతారు?"

ఉస్తా నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి తిట్టి, కొక్కేనికున్న గుడ్డ మళ్లీ నడుముకు చుట్టుకున్నాడు.

రొట్టెలకు వచ్చేవాళ్లలో గంగారత్నం ఒకామె. అమలాపురం దగ్గరి మనిషి, ఆ వీధి చివరి ఇంట్లో పనిచేసేది. ఇంటివాళ్లు వేసవికి లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. అంత ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

"పాస్‌పోర్టు మామా, అదే మా ఇంటి అమ్మగారి బీరువాలో ఉందండీ. తాళంచెవి ఆవిడతోనే ఎల్లిపోయింది," అంది ఒకరోజు కళ్లు తుడుచుకుంటూ.

"పగలగొడితే పోలా?"

"అమ్మో! నన్ను నమ్మి ఇల్లప్పజెప్పారండీ."

"బీరువా మళ్లీ కొనుక్కుంటారమ్మా. నిన్ను యాడ కొంటారు?" అన్నాడు పీరా. ఆ మధ్యాహ్నమే వెళ్లి తాళం విరగ్గొట్టాడు. ఆమె పాస్‌పోర్టు ఒక్కటి తీసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

కొన్నాళ్లకు సైనికులు వచ్చి మిగిలిన పిండి మూటలు లారీకెత్తుకుపోయారు. ఇక కాల్చడానికేమీ లేదు. పీరా పొయ్యి ఆర్పి, బూడిద ఎత్తి, బట్టీ శుభ్రంగా ఊడ్చాడు. అప్పుడు ముగ్గురూ రొట్టెల వ్యాను బండిలో బయల్దేరారు. బస్రా, బాగ్దాద్, మోసుల్ దాటి సరిహద్దు దాకా వచ్చారు. అక్కడ ఒక ఇరాక్ సైనికుడు బండి ఆపాడు. ఉస్తా కాగితాలు చూసి తలాడించాడు, మిగతా ఇద్దరి దగ్గరా ఆగిపోయాడు.

"వీళ్లు తుర్కులు కారే? దిగమను."

అతను తుర్కీలోనే అడిగాడు. ఇరాక్‌లోనే అయినా కిర్కూక్ వైపు తుర్క్‌మెన్ కుటుంబాల్లో ఇంటి భాష అదే; ఇతనూ ఆ వైపువాడే. ఉస్తా తడబడుతూ, "నా మనుషులు. కరాబాయిర్, మా ఊరికి తీసుకుపోతున్నా," అన్నాడు.

సైనికుడు పకపకా నవ్వాడు. "కరాబాయిరా? ఆ ఓడిపోయే జట్టుదా? అదింకా బతికే ఉందా?"

పీరాకు ఒళ్లు మండిపోయింది. ఎదుట తుపాకి ఉందన్న సంగతే మరిచాడు. బండి దిగి, వచ్చీరాని తుర్కీలో అందుకున్నాడు. "ఎవరు ఓడిపోయే జట్టు? కప్పులో ఇస్తాంబుల్ వాళ్లను కొట్టలేదా? ఆ రోజు వాళ్లను గోలు వేయనీకుండా ఆపింది ఎవరో తెలుసా నీకు? కుడి పక్క కాపు కాసినవాడు ఇడిగో, ఈయనే!" అని ఉస్తా భుజం పట్టి ముందుకు లాగాడు.

గంగారత్నం బండిలో కళ్లు మూసుకుని వెంకన్నబాబుకు మొక్కుకుంది. సైనికుడు పీరా వంక, ఉస్తా వంక మార్చి మార్చి చూశాడు. "మా నాన్న ఆ ఆట రేడియోలో విన్నాడు. ఇప్పటికీ చెబుతాడు," అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు పెంచి, "పొండి, త్వరగా పొండి!" అని దారికి అడ్డంగా ఉన్న కర్ర ఎత్తాడు. బండి హాబూర్ వంతెన దాటి తుర్కీ నేల మీదికి వచ్చింది.

కరాబాయిర్ చేరాక ఉస్తా తలవంచుకున్నాడు. మైదానంలో గడ్డి కన్నా రాళ్లెక్కువ. చెక్క బల్లలు సగం విరిగాయి. గోలు వల చిరుగుల మధ్య ఒక మేక మెడ దూర్చి నిలబడింది.

"చెప్పుకోడానికి సిగ్గేసింది, పీరా. ఇంతే మా జట్టు."

పీరా చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. "గంపలతో ఎత్తిపోసిన మన్ను ఇదేనా?" అంటూ మైదానమంతా ఒక చుట్టు తిరిగాడు. అతని ముఖంలో నిరాశ ఛాయ కూడా లేదు.

ఊరివాళ్లు ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో వాళ్లకు పరుపులు వేశారు. ఇంటికొకరు చొప్పున అన్నం తెచ్చేవారు. ఊరికే తినడం చేతకాని పీరా గోలు వల విప్పి, ఎండలో కూచుని చిరుగులన్నీ ముడివేశాడు. ఆదివారం పక్క ఊరితో ఆట. పీరా జట్టును కళ్లారా చూడటం అదే మొదలు. రెండు గోల్స్ తేడాతో కరాబాయిర్ ఓడింది. పీరా మాత్రం చివరిదాకా రాయచోటి తెలుగులో రెఫరీని దులిపేస్తూనే ఉన్నాడు. ఒక్క మాటా అర్థంకాని ముసలాళ్లు అతని చుట్టూ చేరి, ప్రతి కేకకూ "అవునవును" అని తలలూపారు. ఆట ముగిశాక బురద కాళ్లతో ఆ గదిలోకి వచ్చిన ఆటగాళ్లు పరుపులు తొక్కకుండా గోడ వెంబడి ఒదిగి నడిచారు. గంగారత్నం అందరికీ టీ పోసింది.

రెండు వారాలకు మన రాయబార కార్యాలయం వాళ్లు పీరానూ గంగారత్నాన్నీ విమానం ఎక్కించారు. ఉస్తా ఊళ్లోనే ఉండిపోయాడు. గంగారత్నం మళ్లీ గల్ఫ్ మొహం చూడలేదు. పీరా మాత్రం మరుసటి ఏడు, యుద్ధం ముగిసి, తగలబడిన చమురు బావుల పొగ ఆకాశాన్ని ఇంకా వదలకముందే కువైట్ చేరి, అబ్బాసియాలో ఒక బట్టీలో పిండి పిసకసాగాడు. యుద్ధంలో ఏం చూశావని ఎవరైనా అడిగితే ట్యాంకుల ఊసెత్తేవాడు కాదు. పిండి చేతులు దులుపుకుని మొదలుపెట్టేవాడు:

"ఆ రెండో గోలు ఆఫ్‌సైడప్పా! ఆ రెఫరీ నాయాలికి కండ్లు ల్యా..."