అరసున్న కోసం ఓక్లహోమా దాకా

"అమ్మా, సండే తెలుగు క్లాస్‌కి నేను రాను. అయామ్ డన్." తొమ్మిదేళ్ల మా తన్వి శుక్రవారం తేల్చేసింది. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ పట్టుకుంటుందా? నేను తెలుగులో రాసుకునేది ఒక్క ముక్కైనా ఎప్పటికైనా చదవగలదా? ఆ బెంగతోనే, అమెరికా ఆదివాసుల చెరోకీ భాషకు లిపి కనిపెట్టిన మనిషి ఒకప్పుడు ఉన్న కట్టె ఇల్లు చూపిద్దామని శనివారం ఆరింటికే డాలస్ నుంచి బయల్దేరదీశాను. డెబ్భై అయిదో నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్ళి, ఐ-నలభై మీద తూర్పుకు తిరిగితే ఓక్లహోమాలోని ఆ ఊరు, సాలిసా, వస్తుంది. నాలుగు గంటల దారి. ఆ నాలుగు గంటలూ తను హెడ్‌ఫోన్స్ తీయలేదు.

గుమ్మంలోనే అక్కడి గైడ్, నెరిసిన జడావిడ, "ఓసియో!" అంది. ఉలిక్కిపడ్డాను. ఇదేం పిలుపు తల్లీ, మేమేం తప్పు చేశాం! చెరోకీలో అది నమస్కారమట. "అమ్మా, షి కాల్డ్ యూ ఓసి!" అంటూ తన్వి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఏ భాషలోనూ చదవడం రాని ఆ లిపికర్త మొదట మాటకో గుర్తు పెట్టబోయాడట. మాటలకు అంతెక్కడ? చివరికి మన క, కి, కు లాగా పలికే ప్రతి ముక్కకూ ఒక అక్షరం చేశాడు. ఇదేదో చేతబడి అన్నారు జనం. ఆయన్ని ఒకచోట, చిన్న కూతుర్ని దూరంగా మరోచోట ఉంచి పరీక్ష పెడితే, తండ్రి రాసింది కూతురు గడగడా చదివిందని గైడ్ చెప్పింది.

"మనమూ చేద్దాం. నువ్వు అవుట్‌సైడ్ వెళ్ళు, ఆంటీ చెప్పే చెరోకీ మాట నేను తెలుగులో రాస్తా, నువ్వొచ్చి చదువు," అంది తన్వి. రాయలేకపోతే ఇక క్లాసు మాటే ఎత్తనివ్వదు. పార్కింగ్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

తన్వి లోపలికి పిలిచి కాగితం ఇచ్చింది. వంకరటింకరగా "దొనదగొహం" అని ఉంది. చదివాను. "దగ్గరికొచ్చారు. కానీ చివర పెదాలు మూయకండి, ముక్కుతో పలకండి," అంది గైడ్. మళ్ళీ కలుద్దాం అని అర్థమట. సున్న కొట్టేసి అరసున్న పెట్టి మళ్ళీ చదివాను: దొనదగొహఁ. ఈసారి ఆవిడ చప్పట్లు కొట్టింది.

"ఆ హాఫ్ సర్కిల్ ఏంటి? క్లాస్‌లో చెప్పలేదు."

"అరసున్న. మనవాళ్ళు వాడడం మానేశారు."

"వై? ఇట్ వర్క్స్ కదా!"



తిరుగుదారిలో భయపడుతూనే అడిగాను, రేపు క్లాస్‌కి వస్తావా అని. "వన్ టైమ్. టీచర్ ఆంటీకి ఆ లెటర్ తెలీదేమో, నేను చూపించాలి," అంది.

ఆ పై ఆదివారం సంగతి నాకు తెలీదు. ఆ బెంగ అలాగే ఉంది. ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: కాగితం, పెన్ను దగ్గర ఉంచుకోండి. పిల్లలు బయటికి పొమ్మంటే మారు మాట్లాడకుండా వెళ్ళండి.