బర్రె నోట్లో చెయ్యి

మా బర్రె రెండు పూటలు మేత ముట్టకపోయేసరికి, గొంతులో మామిడి టెంక ఇరుక్కుందని బాపు ఒక్క మాటలో తేల్చేశాడు. తొంభైల నాటి ఎండాకాలం. శామీర్‌పేట చుట్టుపక్కల తోటల్లో రాలిన కాయలను పశువులు మింగడం, టెంక అడ్డం పడడం పాలోళ్లకు కొత్త కాదు. చెయ్యి పెట్టి దాన్ని తీయడమూ కొత్త కాదు. పాడి చేసే ప్రతి మగాడూ ఒకసారైనా ఆ పని చేసినవాడే, పది మందిలో గొప్పగా చెప్పుకున్నవాడే.

"నాలుక పట్టుకొని పక్కకు గుంజు బిడ్డా, జల్దీ" అన్నాడు.

రెండు చేతులతో నాలుక పట్టుకుని లాగాను. చొంగ నా మోచేతుల దాకా కారింది. బాపు చెయ్యంతా లోపలికి పెట్టి వెతికాడు. టెంక లేదు, గడ్డిపోచ కూడా లేదు. చెయ్యి తీస్తుంటే పళ్లు గీరుకుని మణికట్టు దగ్గర నెత్తురు వచ్చింది. తువ్వాలతో తుడుచుకుని, "లోపటికి దిగిపోయినట్టుంది" అన్నాడు.

తెల్లారేసరికి దాని అరుపు మారిపోయింది. గొంతు బొంగురుపోయినా ఆపకుండా అరుస్తోంది. తొట్టి దగ్గరికి పోతుంది, నీళ్లలో మూతి పెడుతుంది, మింగలేక వెనక్కి వస్తుంది. ఎదురుగా నిలబడితే పొడవడానికి వస్తోంది. నాకు భయమేసి మేడ్చల్ నుంచి పశువుల డాక్టరును పిలిపించాను.

ఆయన కొట్టంలో అడుగే పెట్టలేదు. బయట నిలబడి కాసేపు చూసి, "ఈ నడుమ దీన్ని కుక్క గిట్ల కరిచిందా?" అని అడిగాడు.

కరిచింది. నెల కిందట, కుంట పక్కన. కోళ్ల ఫారం వాళ్లు చచ్చిన కోళ్లను అక్కడి గుంతలో పారబోసేవాళ్లు. ఎక్కడెక్కడి కుక్కలూ ఆ గుంత చుట్టే తిరిగేవి. వాటిలో ఒకటి మా బర్రె వెనక కాలు పట్టింది. బాపు ఇంత పసుపు అద్ది ఊరుకున్నాడు.

"నోట్లె చెయ్యి పెట్టినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

బాపు చేతిని తువ్వాల కింద దాచుకున్నాడు. ఆయన చెప్పడని తెలుసు కాబట్టి నేనే చెప్పేశాను.

"ఇది పిచ్చికుక్క రోగం. బర్రె బతకదు. మనిషికి వచ్చిందంటే మనిషీ బతకడు. సబ్బు పెట్టి కడుక్కొని, ఇయ్యాల్నే పట్నం దవాఖానకు పోయి సూదులు ఏయించుకో పెద్దమనిషీ" అన్నాడు డాక్టరు. దాని పాలు పారబోయమన్నాడు. పోతూపోతూ బండి మీద నుంచి, "ఆ గుంతను పూడ్పియ్యకుంటె కుక్కలు పోవు, కుక్కలు పోకుంటె రోగం పోదు. బర్రెకొక డాక్టరు, మనిషికొక డాక్టరు ఉన్నం గని, రోగానికి ఆ తేడా యాడిది?" అన్నాడు.

బండి మలుపు తిరిగింది. బాపు మంచం మీద నుంచి లేవలేదు.

"సూదులకు పోతె ఊరంత ఎరుకైతది. రోగం బర్రె పాలు పోసిండంటరు. ఇగ మొఖం యాడ పెట్టుకోవాలె?"

నాకు ఒళ్లు మండింది. "పాణం పోతె గా మొఖం పాడె మీద పెట్టుకుంటవా?" అని అరిచాను. అమ్మ పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. అంత మొండిఘటం ఇంకెక్కడా ఉండడు. ఈయన కూడా అమ్మలాగే నన్ను వదిలేసి పోతాడేమోనన్న భయం పట్టుకుంది.

మధ్యాహ్నం అయింది. కోపంతోనే కంచంలో అన్నం పెట్టి, తొక్కు వేయబోయాను. కారం తగిలి వేలు భగ్గుమంది. "అబ్బా!" అన్నాను.

బాపు తల ఎత్తాడు. "గా వేలికేమైంది?"

"ఏంగాలే. గడ్డి కోస్తుంటె కొడవలి తాకి తెగింది."

"ఎన్నడు?"

"మొన్న. బర్రె మంచిగున్నప్పుడే. ఇప్పుడు నా వేలి ముచ్చటెందుకు?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. లేచి పోయి సబ్బు తెచ్చి నా ముందు పెట్టాడు. "చేతులు మంచిగ కడుక్కో. పోదాం" అన్నాడు.

హమ్మయ్య, నా నోటికి భయపడ్డాడనుకున్నాను. గడప దాటగానే ఆయన పక్కింటావిడతో పెద్దగా, "మా బర్రెకు పిచ్చికుక్క రోగమొచ్చింది. మా పాలు పారబొయ్యి. వాడల అందరికీ చెప్పు" అన్నాడు. పొద్దున ఏ మాట బయటికి రాకూడదని భీష్మించాడో, ఆ మాటే వీధిలో నిలబడి చెప్పాడు. నాకు లోపల మస్తు గర్వమనిపించింది.

బస్సులో అల్వాల్ దాటేదాకా తల వంచుకునే కూర్చున్నాడు. అలిగాడులే, అలిగితే అలిగాడు, బతికుంటే చాలనుకున్నాను.

దవాఖానలో మా వంతు వచ్చింది. "సారూ, మా బాపు బర్రె నోట్లె చెయ్యి..." అని నేను మొదలుపెట్టానో లేదో, బాపు నా మణికట్టు పట్టుకుని నా చేతిని డాక్టరు ముందుకు తోశాడు.

"నాది తర్వాత సూడుండ్రి సారూ. ముందుగాల నా బిడ్డకు ఏయిండ్రి. నాలుక పట్టుకున్నది ఈమె. వేలు తెగి ఉన్నది."

నేను నా వేలి వైపు చూసుకున్నాను. పొద్దున్నుంచి నేను అరిచిందంతా ఆయన చేతి కోసమే.