చిన్నగా చూస్తే ఉన్నాడు

మా కొట్లో కంప్యూటర్‌కి మౌస్ చెడిపోయినప్పుడు కొత్తది కొనవద్దని చెప్పింది నేనే. ఇన్ని మీటలు ఉండగా దానికి ఆ తోక ఎందుకన్నాను. కోడలు మొహం ముడుచుకుంది గానీ ఎదురు చెప్పలేదు. ఆనాటి నుంచీ మా ఇద్దరికీ మీటలతోనే పని. పక్క కొట్టువాళ్ళు వచ్చి, మౌస్ లేకుండా ఎట్టా చేస్తారని వింతగా చూసేవాళ్ళు. మాకు మాత్రం కొన్నాళ్ళకి వేళ్ళే దారి కనుక్కున్నాయి.

మాది బోగోలు సెంటర్లో ఫ్లెక్సులు, ఫొటోలు వేసే కొట్టు. ఒకప్పుడు అదే గదిలో మా ఆయన దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయి, కంపెనీ పరుపులు వచ్చి, ఆ పని చచ్చిపోయింది. కోడలు డిజైన్ పని నేర్చుకుని ఉండడంతో అక్కడే కంప్యూటర్ పెట్టాం. పెద్ద ఫ్లెక్సులు కావలి పంపి వేయిస్తాం, ఫొటోలు ఇక్కడే తీసిస్తాం. నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు ఆ మీటల మీద చూసి నేర్చుకున్నాను, చదవడానికి కాదు, నొక్కడానికి.

కంప్యూటర్‌ని లోపలుండి నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారట. దాన్ని తయారుచేసినవాళ్ళు అందులోనే ఒక మూల, మా పనిలో లోపాలుంటే చెప్పండి అని ఒక గడి పెట్టారు. అడిగినవాళ్ళకి చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు. మీ 'క్యాప్స్ లాక్' మీట అంత పెద్దగా ఎందుకు, ఎవరికి కావాలి, దాన్ని చిన్నది చేసి ఏ మూలనో పెట్టండి అని మొదటి సలహా రాయించాను. కరెంటు పోయినప్పుడు, చేస్తున్న పనిని దానంతటదే దాచుకోమన్నది రెండోది. ఒక మీట నొక్కితే చేసిన తప్పు వెనక్కి పోతుంది గదా, మరి ఫైలు మూసి తెరిచేసరికి ఆ వెనక్కి పోయే దారి ఎందుకు మూసేస్తున్నారని ఇంకోటి.

"ఎవరూ చదవరత్తా," అనేది కోడలు, నేను చెప్పింది కొడుతూనే.

"చదవకపోతే వాళ్ళకే నష్టం. నువ్వు కొట్టు."

ప్రతిదానికీ మీ సలహా అందింది, ధన్యవాదాలు అని జవాబు వచ్చేది. ఎప్పుడూ అదే జవాబు, అవే మాటలు. అవతల ఎవరో కూర్చుని ఉన్నట్టూ ఉండేది, ఎవరూ లేనట్టూ ఉండేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది, అది చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. పుట్టినరోజు ఫ్లెక్సుకూ, కన్నీటి నివాళి ఫ్లెక్సుకూ మేం కొత్త ఫైలు మొదలుపెట్టం. పాతదే తెరుస్తాం. పూలు మారుస్తాం, రంగు మారుస్తాం, పేరు మారుస్తాం, పాత మొహం మీద కొత్త మొహం తెచ్చి పెడతాం. ఫ్లెక్సు మూలన పెట్టే చిన్న మొహాలకి విడి ఫైలు ఉంటుంది, దానికీ ఇదే పద్ధతి. ఈ చుట్టుపక్కల కొట్లన్నిటిలో ఇదే వాడుక. ఆ మొహం తెచ్చి పెట్టేటప్పుడు ఒక్క క్షణం రెండూ ఒకదాని మీద ఒకటి కనబడతాయి. ఒకరి కళ్ళు, ఇంకొకరి గడ్డం. బతికున్నవాడి నుదుటి కింద పోయినవాడి నవ్వు. నేను అప్పుడు తెరవైపు చూడను. సేవ్ అయ్యాక చూస్తాను.

ఒకనాడు మధ్యాహ్నం జువ్వలదిన్నె నుంచి ఒకామె వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నదై ఉంటుంది. చీర కొంగు తలమీదుగా కప్పుకుని గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మీరే గదా ఫ్లెక్స్ ఏసింది. దాంట్లో మూలన మా ఆయన ఫొటో పెట్టినారు. అది కావాల."

చేపలవేటకి పోయి భర్త పడవలోంచి సముద్రంలోకి జారిపోయాడట. మిగతావాళ్ళు వెతికారు, పక్క ఊళ్ళ పడవలు వెతికాయి. శరీరం దొరకలేదు. ఎల్లుండి పెద్దకర్మ. పటం లేదు.

"ఏ ఫొటో లేదా ఇంట్లో?" అని కోడలు అడిగింది.

ఆమె కొంగుముడి విప్పి ఆధార్ కార్డు ఇచ్చింది. "ఇది ఆయన కాదమ్మా. ఇందులో ఎవుర్నో చూసి భయపడతా ఉండాడు. ఆయన దేనికీ భయపడలా. ఫొటో అంటే మాత్రం మొగం తిప్పుకునేవాడు. ఆ ఫంక్షన్ నాడు మనవరాలు గెడ్డం పట్టుకుని బతిమాలితే నవ్వినాడు. ఆ ఒక్కసారే. తీసిన ఫోను నీళ్ళలో పడి చచ్చింది."

"మరి ఫ్లెక్స్ ఏమైంది?" అన్నాను.

"వలల మీద కప్పినాం. ఎండకీ ఉప్పుగాలికీ మొగాలన్నీ తెల్లగా పొయినాయి. మనిషి ఆకారం ఉండాది, లోపల ఏం లేదు."

"గుడ్డను ఊరికే పారెయ్యలేదన్నమాట," అన్నాను. నా నోటికి ముందు వచ్చేది అదే. ఆమె ఏమీ అనుకున్నట్టు లేదు.

మా దూదేకుల సాయిబుల ఇళ్ళలో పోయినవాళ్ళ పటం గోడకు తగిలించి దండ వెయ్యరు. మా ఆయన ఫొటో బీరువాలో బట్టల కింద ఉంది, నేను తీసి చూడను. అందుకని ఆమె ఆత్రం నాకు మొదట అందలేదు. కాసేపటికి అందింది. మట్టి ఇవ్వడానికి మనిషి లేడు, నిప్పు పెట్టడానికి మనిషి లేడు. ఇక చూసుకోవడానికి ఉన్నది ఆ నవ్వు ఒక్కటే.

కోడలు ఫోల్డర్ తెరిచింది. తెరనిండా బుల్లి బుల్లి బొమ్మలు, ఒక్కో ఫైలుకు ఒక్కోటి, పావురాలగూళ్ళలో ఉన్నట్టు వరసగా మొహాలు. బాణం మీట నొక్కుతూ ఒక్కో మొహం దాటుతూ పోయింది. నాలుగో వరసలో ఆగింది.

ఆమె తెర దగ్గరికి వంగింది. "ఆయనే," అంది.

బొటనవేలి గోరంత మొహం. తెల్ల గడ్డం, పక్కకి తిరగబోయి ఆగిన తల, నవ్వు. కోడలు ఎంటర్ నొక్కింది. ఫైలు తెరుచుకుంది. గూడూరు నిమ్మకాయల మండీ ఆసామి పుట్టినరోజు బొమ్మ వచ్చింది. నల్లమీసం, మెళ్ళో గొలుసు, చుట్టూ బెలూన్లు. ముసలాయన వెంట్రుక కూడా అందులో లేదు.

మూసింది. గోరంత బొమ్మలో ముసలాయన నవ్వుతున్నాడు. మళ్ళీ తెరిచింది. మండీ ఆసామి. మూసింది. ముసలాయన.

బయట సెంటర్లో ఆటోలు పోతూనే ఉన్నాయి, కొట్లో మాత్రం ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆమె తెరకి చెయ్యి ఆనించి, మెల్లగా, ఇంట్లో మనిషితో అన్నట్టు అంది.

"దాక్కోబాకయ్యా. వచ్చింది నేనే."

కోడలు నా చెవిలో చెప్పింది. ఫైలు లోపల ఏముందో గుర్తుకు కంప్యూటర్ ఒకసారి బుల్లి బొమ్మ గీసి పెట్టుకుంటుందట. మనం అదే ఫైలులో మనిషిని మార్చి సేవ్ చేసినా, ఒక్కోసారి ఆ బుల్లి బొమ్మని తిరిగి గీసుకోదట. ఇంట్లో మనుషులు మారిపోయినా గుమ్మం మీద పేరు పాతదే ఉన్నట్టు. అసలు ఫొటో ఎక్కడా లేదు. అది ఉన్నది ఆ గోరంత చోటులోనే.

చెబుతూ ఉండగానే కోడలి చూపుడువేలు పైవరస మీటల మీదికి పోయింది. మా కోడలికి ఏం తోచకపోయినా ఎఫ్‌ఫైవ్ నొక్కే అలవాటు. ఆమెకే కాదు, మా వైపు కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాళ్ళకీ ఉంది. నొక్కితే తెర ఒకసారి కన్నార్పి అన్నిటినీ కొత్తగా చూసుకుంటుంది. అట్లా చేస్తే కంప్యూటర్ తేలికపడుతుందని వీళ్ళ నమ్మకం. పొద్దున తెరవగానే కొట్టు ముందు నీళ్ళు చల్లినట్టు టకటకా నొక్కుతారు.

నేను ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. వేలు మీటకి ఆనే ఉంది.

"నొక్కబాక. నొక్కినావంటే ఆయన పోతాడు."

మెల్లగానే అన్నాను. కానీ ఆ వచ్చినామె విన్నది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది, పడవ అంచు పట్టుకున్నట్టు.

కోడలు వేలు వెనక్కి తీసుకుంది. "ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకుందామత్తా," అని ప్రింట్ స్క్రీన్ మీట నొక్కింది. అది తెరమీద ఉన్నదాన్నంతా ఫొటో తీస్తుంది. ఇన్ని మొహాల్లోంచి ఆ ఒక్క మొహాన్ని కత్తిరించి తీసింది.

"కొత్త పేరుతో పెట్టు," అన్నాను. "ఎవరి మీదా పెట్టబాక."

పెట్టింది. అప్పుడు ఇంకో చిక్కు. బుల్లి బొమ్మల్ని పెద్దవి చేసే మీటలు ఉన్నాయి, కంట్రోల్, షిఫ్ట్, ఒకటి కలిపి నొక్కాలి. లోపల పెద్దసైజు బొమ్మ కూడా పాతదే దాచి ఉంటే మొహం బాగా వస్తుంది. దాచి లేకపోతే, పెద్దది చేయబోయి కంప్యూటర్ తిరిగి గీసుకుంటుంది. అప్పుడు మండీ ఆసామే. ఉన్న చిన్నదాన్ని ఎట్లాగూ తీసేసుకున్నాం గానీ, ఆ తెర మీద ఆయన ఇక ఉండడు.

ఇది మేం తేల్చేది కాదు. ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె చాలాసేపు ఆ గోరంత మొహాన్ని చూసింది. "చెయ్యండక్కా," అంది చివరికి. "రాగలిగితే వస్తాడు."

కోడలు మూడు మీటలూ నొక్కింది. మొహాలన్నీ మాయమై ఖాళీ గళ్ళు పెద్దవయ్యాయి. పైనుంచి ఒక్కో గడీ నిండుతూ వచ్చింది. పెళ్ళికొడుకు, సర్పంచి, పసిపిల్ల, పోయిన నెలలో పోయిన టీచరమ్మ. చుట్టూ అందరూ వచ్చేశారు. ఆయన గడి మాత్రం తెల్లగా ఉండిపోయింది. వలల మీది ఆ ఫ్లెక్స్ ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. తరవాత అందులోకి మీసం వచ్చింది, గొలుసు వచ్చింది, బెలూన్లు వచ్చాయి.

"పొయినాడు," అంది ఆమె. ఒడ్డున నిలబడి, కనుచూపు దాటిన పడవ గురించి చెప్పే గొంతు అది.

కత్తిరించి పెట్టుకున్న చిన్న బొమ్మనే పటం సైజుకి సాగదీసి ప్రింటు తీశాం. కోడలు కాయితం పట్టుకుని చూసి, "మనిషి కాదత్తా ఇది, గళ్ళ లుంగీ," అంది. నిజమే. గోధుమరంగు గళ్ళు, నల్లగళ్ళు, మధ్యలో కొన్ని తెల్లగళ్ళు. వచ్చినామె కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరం జరపలేదు. కొంగులో చుట్టుకుంది. డబ్బు నేను వద్దన్నాను. కోడలు నా వైపు వింతగా చూసింది.

ఆ సాయంత్రమే ఆ గడిలో సలహా రాయించాను. పాతదాని మీద కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని తుడిచెయ్యకండి, అటకమీద పెట్టినట్టు పక్కన పెట్టండి, దాన్ని దించుకునేందుకు ఒక మీట ఇవ్వండి. గీసిపెట్టుకున్న బొమ్మ చెరిపేముందు ఒక్కమాట అడగండి. ఇంకొకటి, చిన్నబొమ్మలో ఎవరు కనబడుతున్నారో వాళ్ళనే తెరిచే మీట ఒకటి పెట్టండి.

"ఆ మీట ఉంటే ఎవరు బయటికొస్తారోనత్తా," అంది కోడలు. నవ్వుతూనే అంది గానీ భుజం మీద పైట సర్దుకుంది. పంపించాం. మీ సలహా అందింది, ధన్యవాదాలు అని వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఆటో ఎక్కి జువ్వలదిన్నె పోయాను. ఆ గళ్ళకాయితం ముందు చుట్టాలు ఏమనుకున్నారో, ఆమెకు ఎంత నామోషీ అయిందోనని నా మనసు ఒకచోట లేదు. ఆమె ఇంట్లో లేదు. ఇంటి బయట, గుమ్మానికి ఎదురుగా, వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని కూర్చుని ఉంది. ఎండ కాళ్ళ మీద పడుతున్నా జరగలేదు.

"లోపల కూర్చోకూడదా?" అన్నాను.

"లోపల ఆయన ఉండడక్కా," అంది. "ఇటు రా, యాడ నిలబడితే ఉంటాడో చూపిస్తా."

నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కుంది. గుమ్మంలోంచి లోపలి గోడ కనిపిస్తోంది. చీకటి గోడ, దాని మీద పటం, బంతిపూల దండ. చూశాను. తెల్ల గడ్డం, తిరగబోయి ఆగిన తల, నవ్వు. కొట్లో తెర మీద కంటే స్పష్టంగా ఉన్నాడు. కళ్ళు కూడా ఉన్నాయి.

"దగ్గరికి పోతే కరిగిపోతాడు," అంది. "పోకుండా ఉంటే ఉంటాడు. రాత్రిపూట కూడా లైటు ఆర్పను, తలుపు వెయ్యను. మా అబ్బాయి పిచ్చి పట్టిందంటాడు."

నాకు నమ్మకం కలగక లోపలికి నడిచాను. అడుగు అడుగుకీ కళ్ళు విడిపోయాయి, నవ్వు విడిపోయింది. పటం ముందుకి చేరేసరికి గళ్ళు తప్ప ఏమీ లేవు. దండ ఒకవైపు జారి ఉంటే సర్దబోయాను. గళ్ళ మధ్య, తెల్లగా ఉన్న చోట వేలు పెట్టి చూశాను. ఉత్త కాయితం.

"అక్కా," అని బయటినుంచి పిలిచింది. కోపంగా కాదు. తెర చాటునుంచి మాట్లాడినట్టు, మెల్లగా.

"కొంచెం పక్కకి జరుగు. ఆయన నన్ను చూస్తా ఉండాడు."

నేను జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె గుమ్మంలోంచి నన్ను దాటి చూస్తోంది. నేనున్న చోటునుంచి పటంవైపు తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు.