వస్తాదు మోకాలు

డ్రైవింగ్ స్కూలు మాస్టారుని ఆ వీధిలో అందరూ రెండో బ్రేకు మాస్టారు అనేవారు. కారు నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో, తన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు పెట్టించుకుని, రోజంతా ఎవరో ఒకరి చేతుల్లో ప్రాణం పెట్టి కూర్చోవడమే అతని ఉద్యోగం. లారీ మీదికొస్తున్నా గొంతు పెంచేవాడు కాదు. "అమ్మా, అది మనకంటే పెద్దది, దారిద్దాం" అని మెల్లగా బ్రేకు తొక్కేవాడు.

అలాంటి మనిషి నడుం నొప్పి అంటే ఎవరికి అనుమానం వస్తుంది? డిస్కు జరిగిందని తనే చెప్పుకున్నాడు, అందరూ నమ్మారు. నిజానికి ప్రోస్టేట్‌లో పుట్టిన క్యాన్సరు వెన్నులోకీ తుంటిలోకీ పాకింది. ఆ సంగతి అతనికీ, భార్యకీ, డాక్టరమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"పూర్తిగా పోయేది కాదు, కానీ అణిచిపెట్టొచ్చు" అంది డాక్టరమ్మ. "మగ హార్మోను దీనికి మేత. ముందు అది ఆపాలి. మూడు నెలలకోసారి ఇంజెక్షను, జీవితాంతం. లేదంటే చిన్న ఆపరేషను చేసి వృషణాలు తీసేస్తాం, ఒక్కసారితో అయిపోతుంది. ఇంజెక్షనుతో మొదట్లో నొప్పి పెరగొచ్చు, అందుకు ముందే మాత్రలిస్తాం. ఆపరేషనైతే త్వరగా గుణం కనిపిస్తుంది. నొప్పి ఉన్నచోట రేడియేషను ఎలాగూ పెడతాం. మీ వెన్నులో ఒక పూస బాగా గుల్లబారింది. బరువులెత్తొద్దు, ఎవరిచేతా నడుం పట్టించుకోవద్దు. అది నలిగితే కాళ్లు పడిపోతాయి. సోమవారానికి రెండింట్లో ఏదో తేల్చుకుని రండి."

మాస్టారు మనసులో ఇంజెక్షనే అనేసుకున్నాడు. దానికి కారణం వైద్యం కాదు, బావ. అక్క మొగుడు. బావమరిది జుట్టుకు రంగేసుకున్నా, కొత్త బూట్లు తొడుక్కున్నా చుట్టాలందరూ పడీపడీ నవ్వేదాకా వదిలే రకం కాదు. ఈ ఆపరేషను మాట ఆయన చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? "అక్కావాళ్లకి చెప్పావో, నా మీద ఒట్టే" అని భార్య నోరు కట్టేశాడు. ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా పరువు చూసుకునే మగజాతిని ఏమనాలో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున బావ ఊడిపడ్డాడు. "బావమరిదీ, నీ నడుం సంగతి చూసేవాణ్ణి తెచ్చాను!" అని గుమ్మంలోంచే కేకేశాడు. వెనకాల తలుపుకు సరిపడా ఒక వస్తాదు, చేతిలో నూనె సీసా.

"ఇప్పుడొద్దు బావా, స్నానమైపోయింది."

"మళ్లీ చెయ్యి. నీళ్లకి కరువా?"

"మందులు వాడుతున్నాను కదా."

"తగ్గిందా? లేదుగా! మా మేనేజరు కుంటుకుంటూ వెళ్లి గెంతుకుంటూ వచ్చాడు ఈయన దగ్గర్నుంచి. చొక్కా విప్పు. కొత్త పెళ్లికూతురివా, సిగ్గుపడ్డానికి?"

ఆ ఒక్క మాటతో మాస్టారు చొక్కా విప్పేశాడు. వంటింటి గుమ్మంలో భార్య మొహం పాలిపోయింది. "ఏమండీ..." అంది. "ఉత్త నూనె రాయించుకుంటానంతే" అని ఆమెకి కళ్లతోనే సైగ చేసి, పళ్లు బిగబట్టి మంచం మీద బోర్లా పడుకున్నాడు.

వస్తాదు చేతులు భుజాల మీంచి కిందికి దిగాయి. నడుం దగ్గర ఆగాయి. మాస్టారుకి కళ్లముందు చుక్కలు కనిపించాయి.

"ఇదిగో, ముడి ఇక్కడుంది. మోకాలు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే సర్దుకుంటుంది. కాళ్లు పట్టుకోండి సార్."

బావ రెండు మడమలూ బిగించి పట్టుకున్నాడు. "కానీండి వస్తాదుగారూ, వీడి అరుపులు పట్టించుకోకండి!"

మంచం కిర్రుమంది. మోకాలు వచ్చి నడుం మీద ఆనింది, బరువు ఇంకా పడలేదు. మాస్టారు దుప్పటిని గుప్పిట్లో బిగించాడు. తన సంగతి తనకే తెలిసొచ్చింది. కాళ్లు పడిపోతాయన్న భయం కంటే బావ నవ్వుతాడన్న భయమే పెద్దదిగా ఉంది.

"అన్నయ్యగారూ!" అని భార్య ఒక అడుగు ముందుకేసి, ఒట్టు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను పెట్టిన ఒట్టు కోసం ఆమె అలా నలిగిపోవడం అతను చూడలేకపోయాడు.

"ఆపు!" అని అరిచాడు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. "కాలు తియ్యి! డిస్కు కాదు అది, క్యాన్సరు. ఎముకల్లోకి వచ్చేసింది. నొక్కితే విరిగిపోతుంది!"

వస్తాదు నిప్పు తొక్కినట్టు వెనక్కి దూకాడు. "ముందే చెప్పొద్దా సార్! నా చేతుల మీదుగా ఎంత ఘోరం జరిగేది!" అంటూ నూనె సీసా కూడా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

బావ మడమలు ఇంకా వదల్లేదు. "డాక్టర్లేమన్నారు?" అన్నాడు.

మాస్టారు తలగడలో మొహం దాచుకుని అంతా చెప్పేశాడు, ఆపరేషను మాటతో సహా. చెప్పి, జోకు కోసం ఎదురుచూశాడు.

"నువ్వేది అనుకున్నావు?"

"ఇంజెక్షను."

"దాంతోనే త్వరగా తగ్గుతుందా?"

"లేదు. ఆపరేషనుతోనే."

"మరెందుకురా అది?"

"నువ్వు నవ్వుతావని, బావా."

బావ మడమలు వదిలేశాడు. మంచం అంచున కూలబడ్డాడు.

"రేపు ఆపరేషనుకే ఒప్పుకుందాం" అన్నాడు మాస్టారు భార్యతో. ఆమె చీరకొంగుతో కళ్లు ఒత్తుకుని సరేనని తలూపింది.

"నేనూ వస్తాను" అన్నాడు బావ. తువ్వాలు తీసుకుని వీపు మీది నూనె తుడవడం మొదలుపెట్టాడు. నడుం దాకా వచ్చేసరికి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎక్కడరా ఆ పూస?"

"ఇంకాస్త కింద."

"తాకొచ్చా?"

"మెల్లగా."