ఎల్లమ్మ పటం, చింతగింజల గంజి

అండాలుకు పంతం ఎక్కువని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఉండే వీధంతా అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. పటాలకు బొమ్మలు వేసే నకాశీల ఇంట్లో పుట్టిన మనిషి. పెళ్ళయ్యాక పట్నం వచ్చి ఇరవై ఏళ్ళు గాజుల దుకాణంలో నిలబడి పనిచేసినా, మంచం కింది రంగుల పెట్టెను మాత్రం ఎవరినీ కదలనివ్వలేదు.

సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు లేవు. పటం కథలు చెప్పే సీతారాములు చుట్టిన పటాన్ని భుజాన వేసుకుని హయత్‌నగర్ నుంచి నడిచొచ్చాడు. అండాలు తండ్రి చివరి రోజుల్లో గీసిన ఎల్లమ్మ పటం అది. నాలుగో రోజున ఎల్బీ నగర్ దీక్షా శిబిరంలో దాని ముందు కథ చెప్పాలి. విప్పి చూస్తే నడుమ చిరిగి ఉంది, రంగు పొక్కులు లేచింది, అమ్మవారి కుడికన్ను రాలిపోయింది. కన్ను పోయిన పటం ముందు సీతారాములు ఇంటివాళ్ళు కథ చెప్పరు. పూజ చేసి ఏటిలో కలిపేస్తారు. బాగుకాకపోతే మూసీలో కలుపుతానని అతను ముందే చెప్పేశాడు. తండ్రి గీసినవాటిలో మిగిలింది అదొక్కటే. అండాలు పటాన్ని దగ్గరికి లాక్కుంది. నాలుగో రోజు పొద్దుటిదాకా ఆగమని గట్టిగా చెప్పి పంపింది.

చిరుగు అతికించే గంజి కోసం చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, ఉడికించి వడగట్టాలి. బొగ్గు గనుల్లోనూ సమ్మే కాబట్టి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, మిక్సీని నమ్ముకుంటే పని కాదు. ఇంటి ఓనరు గంగాధరరావు గారి పెరట్లో మూల పడి ఉన్న రుబ్బురోలు కడిగి కూర్చుంది. రిటైరైన ఆ గుంటూరు పెద్దాయన మంచివాడే కానీ, చూస్తూ ఊరుకోలేడు. హార్డ్‌వేర్ షాపు నుంచి తెల్ల జిగురు డబ్బా తెచ్చి, "ఇది రాయమ్మా, గంటలో అతుక్కుపోతుంది" అన్నాడు.

"గదే భయం సార్. గది అతుక్కుంటే మళ్ల ఊడది. రేపు ఇంకెవలన్న బాగుచెయ్యాలంటే బట్టనే చినుగుతది. మా గంజైతే తడిబట్ట పెడితే ఊడొస్తది."

ఆయన డబ్బాతో లోపలికి వెళ్ళి, కాసేపటికి గంజి వడగట్టుకోమని పాత పంచె ముక్క తెచ్చిచ్చాడు.

చిరుగు వెనక ఖద్దరు ముక్కను ఆ గంజితో అతికించింది. పొక్కుల కింద కుంచె మొనతో ఒక్కో చుక్క తిరుమణి చెట్టు జిగురు దించి వేలితో అదిమింది. రంగు రాలిన చోట సుద్దమట్టి పూసింది. ముసురు పట్టి ఏదీ ఓ పట్టాన ఆరలేదు. విసనకర్రతో విసిరి విసిరి రెక్కలు పడిపోయినా వదల్లేదు. తండ్రి రంగు నిలిచిన చోట మాత్రం ఒక్క గీతైనా వేయలేదు.

నాలుగో రోజు పొద్దున్నే సీతారాములు వచ్చేసరికి, కుడికన్ను ఉండాల్సిన చోట తెల్లటి సుద్దే ఉంది. అండాలు కనుపాప నలుపు కోసం దీపం మసి నూరుతోంది. అతని ముఖం మాడిపోయింది. కన్ను మగవాళ్ళే పెట్టాలన్నది వాళ్ళ రెండిళ్ళ కట్టుబాటు. ఆడవాళ్ళు బట్టకు సుద్ద పూయాలి, రంగులు నింపాలి, అంతే. ఆ మాటే అని పటం చుట్టబోయాడు.

అండాలు పటం మీద చెయ్యి వేసి ఆపింది.

"అన్నా, ఇది గీసేటప్పటికే మా నాయిన చేతులు వణుకుతుండె. తలుపు పెట్టి, ఎవలకు చెప్పకని, నాతోనే కండ్లు పెట్టించిండు. ఇరవై అయిదేండ్ల సంది నువ్వు మొక్కుతున్నది నేను పెట్టిన కండ్లకే."

సీతారాములు మిగిలిన ఎడమకన్ను వైపు చూశాడు. తర్వాత తలపాగా తీసి పక్కన పెట్టి, కింద కూర్చుని, పటం రెండో కొస బిగించి పట్టుకున్నాడు.

"పెట్టు చెల్లె" అన్నాడు.