తలుపు నుంచి కుర్చీ దాకా

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఆ ఉదయం చేతికర్ర బెంచీకి ఆనించి, తలుపు నుంచి కుర్చీ దాకా నడక సాధన చేస్తున్నాను. ఇంకాసేపట్లో ఇంటర్వ్యూ. చిన్నప్పుడే పోలియో సోకిన కాలు మాత్రం మాట వినడం లేదు.

అదే బెంచీ మీద టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ నన్నే చూస్తోంది. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విన్నట్టుంది.

“ఏటమ్మా, కర్ర ఒగ్గేసి అలా తిరుగుతన్నావు?”

“మనిషి శరీరం ఎలా కదులుతుందో యూనివర్సిటీలో పాఠం చెప్పే ఉద్యోగమండీ. ఇంటర్వ్యూ చేసేవాళ్లంతా నడకల మీద పరిశోధన చేసినవాళ్లే. నేను నోరు తెరవకముందే కాలు చూసి తేల్చేస్తారు.”

ఆవిడ జాలిపడలేదు. పడి ఉంటే నాకు ఒళ్లు మండేది.

“ఠీక్ హై. నాను అటు తిరుగుతాను, నడుసుకో” అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఈసారి మోకాలు మడతపడింది. బెంచీ పట్టుకుని ఆగాను. చప్పుడు విని కూడా ఆవిడ తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి కర్ర అందించింది.

ఇంటర్వ్యూ గదిలోకి ఆ కర్రతోనే వెళ్లాను.

ఇప్పుడు అధ్యాపకులను ఎంపిక చేసే కమిటీలో నేనూ కూర్చుంటున్నాను. నడక చూసి మనిషిని చదవడమే మా విద్య. అయినా, వచ్చినవాళ్లు తలుపు తీసి కుర్చీలో కూర్చునేదాకా నేను కిటికీ వైపే చూస్తుంటాను.